తెల్ల గ్లౌజులతో నెల్లిమర్ల దాకా

నేను నెల్లిమర్ల వెళ్లింది ఒక సంతకం కోసం. పోయిన వేసవిలో టెక్కలి పాత పేపర్ల కొట్లో, ముప్పై ఏళ్ల నాటి కామిక్ పుస్తకం ఒకటి నాకు దొరికింది. పడవ దొంగల్ని పట్టే గవరమ్మ అనే పిల్ల కథ అది. చిన్నప్పుడు ఆ గవరమ్మ కోసం అన్నం మానేసిన వాణ్ని. ఇన్నేళ్ల తర్వాత ఒక్క మడత కూడా లేకుండా కనబడేసరికి నా కాళ్లు నేల మీద ఆగలేదు.

పాత కామిక్కులు కొని అమ్మే హైదరాబాదు మిత్రుడు ఫోటో చూసి, గ్రేడింగుకు పంపమన్నాడు. పుస్తకం ఎంత చెక్కుచెదరకుండా ఉందో విదేశంలో ఒక కంపెనీ పరీక్షించి, పదికి ఇన్ని అని మార్కులేసి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసి పంపుతుంది. ఆ తర్వాత తెరిచి చదవడం ఉండదు. బొమ్మలేసినాయన సంతకం ఉంటే ఇంకా గొప్ప. కాకపోతే ఆ సంతకం కంపెనీ మనిషి ఎదుటే పెట్టించాలట. లేకపోతే అట్ట మీద పిచ్చిగీత కింద లెక్కేసి మార్కులు కోస్తారట. ఆయనది నెల్లిమర్లని ఆ మిత్రుడే కనుక్కుని నంబరిచ్చాడు. పెట్టించాలో మానాలో ఆయన్ని చూశాక తేల్చుకుందామని, సంతకం కావాలని మాత్రం ఆయనకు ఫోన్‌లో చెప్పి బయల్దేరాను.

ఉదయం ఆరూ పదికి నౌపడలో పాసింజరెక్కాను. కిటికీ పక్కనే చోటు దొరికింది. ఉప్పు మడులు దాటుతుండగా ఎదుటి సీట్లో ఎండుచేపల గంపతో ఉన్నావిడ నన్నే చూస్తోంది. గంప వాసన పుస్తకానికి పట్టుకుంటుందేమోనని నేను దాన్ని కవర్లో చుట్టి దాచిన రేకు పెట్టెను ఒళ్లోకి తీసుకున్నాను.

"ఏటి బాబూ, పెట్టిని అలగ కడుపుకి అదుముకున్నావు? ఏటున్నాది అందులో?"

"ఆఫీసు కాయితాలు."

"కాయితాలకేటైపోద్ది? కింద పెట్టు, సేతులు నొప్పెట్టవా?" అని తన గంపను తానే పక్కకు జరిపింది. అబద్ధం చెప్పినందుకు కాస్త సిగ్గేసింది గానీ పెట్టె మాత్రం దించలేదు. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో ఆవిడ దిగిపోయింది. అక్కడే ప్లాట్‌ఫారం మీద రెండిడ్లీ, ఒక వడ తిన్నాను. చట్నీ బాగుంది.

ఎనిమిదీ యాభైకి నెల్లిమర్లలో దిగాను. జూట్ మిల్లు వైపు నడిచి ఒక టీకొట్టు దగ్గర అడిగితే, "బొమ్మల సూరన్నా? సాపులకి బోర్డులు రాసినాయనే కదా. తిన్నగెల్లి ఎడంపక్క" అన్నారు. స్టేషన్ నుంచి నడక పావుగంట.

సూరన్నగారికి డెబ్బై దాటి ఉంటాయి. అరుగు మీద భార్య పైడమ్మగారితో కలిసి చింతపండు పిక్కలు తీస్తున్నారు. నేను పుస్తకం కవర్లోంచి తీసి, దూరం నుంచే అట్ట చూపించాను.

"ఇదా! ఇది అచ్చయినాదా?" అని ఆయన లేచి నిలబడ్డారు. గవరమ్మ కథలు వేసే పత్రిక, ఈ బొమ్మలిచ్చిన కొద్దిరోజులకే మూతపడిందట. ఆ ఆఖరి సంచిక వెలుగు చూడనేలేదని ముప్పై ఏళ్లుగా ఆయన అనుకుంటున్నారు.

"ఉండండి బాబూ, సేతులు జిగటగున్నాయి" అని కుళాయి దగ్గరికెళ్లి, సబ్బుతో రెండుసార్లు కడుక్కుని, ఒక్కో వేలూ తువ్వాలుతో తుడుచుకుని వచ్చి, చేతులు చాచారు.

నేను ఆ చేతుల్లో పుస్తకం పెట్టలేదు. నా కోసం తెప్పించుకున్న తెల్ల నూలు గ్లౌజులు పెట్టాను.

"ఇయేటి?"

"ఇవి తొడుక్కుని పట్టుకోండి మాస్టారూ."

ఆయన గ్లౌజులు చూశారు, నన్ను చూశారు. గొంతులో కోపమేమీ లేదు. "మా అయ్య మిల్లులో పనిసేసేటప్పుడు టీకొట్టుకాడ మాకు గ్లాసు వేరేగుండేది బాబూ. తాగి, మేమే కడిగి, సూరులో పెట్టీవోళ్లం. ఆ గ్లాసులెల్లిపోనాయి. ఇప్పుడు తొడుగులొచ్చినాయా?"

నాకు తల తీసేసినట్టయింది. అది కాదని, చెమట తగిలితే కాగితం పాడవుతుందని, మార్కులు తగ్గుతాయని, ఎవరైనా ఇలాగే తొడుక్కుంటారని గబగబా చెప్పుకొచ్చాను.

"మరి నీ సేతులకేవి బాబూ?" అంది పైడమ్మగారు.

పుస్తకం నా ఒట్టి చేతుల్లోనే ఉంది. తెచ్చిన జత ఒక్కటే. కవర్లోంచి తీసేటప్పుడు నాకు గ్లౌజులు గుర్తే రాలేదు, ఆయన చేతులు చాచినప్పుడే గుర్తొచ్చాయి. నా మనసులో అలాంటి ఊసే లేదని ఒట్టేసి చెప్పలేను. గ్లాసు వేరే పెట్టిన ఇళ్లలో మాదీ ఒకటి. మా నాన్నమ్మ హయాంలో నేనే చూశాను.

"వద్దులెండి మాస్టారూ, గ్లౌజులొద్దు, ఊరికే పట్టుకోండి" అని పుస్తకం ముందుకు చాపాను. ఆయన చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నారు.

"వొద్దు బాబూ. ఏటైనా అయితే మల్లీ నా మీదకొస్తాది. మీరే తిప్పండి, నాను సూస్తాను."

తిప్పాను. ఆయన పక్కన నిలబడి పేజీ పేజీకి వంగి చూశారు. తుపాను బొమ్మ దగ్గర ఆపమని, "ఈ కెరటాలున్నాయే, మా పైడి సీర కుచ్చిళ్లు సూసి గీసినాను" అన్నారు. ఆవిడ సిగ్గుపడి, "ఏటా మాటలు" అంటూ లోపలికెళ్లి టీ తెచ్చింది. ఆ టీ నేను మరీ చప్పుడు చేస్తూ, గ్లాసు ఎత్తి పట్టి, ఆఖరి చుక్కదాకా తాగాను. అలా తాగి చూపిస్తున్నందుకు ఇంకా సిగ్గేసింది.

"సంతకం ఎక్కడ ఎట్టమంటారు?" అనడిగారు.

అట్ట మీదే పెట్టండి అనాల్సిన క్షణం అది. నేను నోట్‌బుక్కులోంచి కాగితం చించి ఇచ్చాను. ఆయన పెద్ద అక్షరాలతో, షాపు బోర్డుకు రాసినంత శ్రద్ధగా దాని మీద సంతకం చేశారు.

పదిన్నరకు స్టేషన్‌కొచ్చాను. పదకొండూ ఇరవై పాసింజరు యాభై నిమిషాలు లేటన్నారు. ఆయన ఇంటికి నడక పావుగంటే. వెళ్లి, పుస్తకం అరుగు మీద వదిలేసి, తీరిగ్గా తిరిగి రావచ్చు. ఎండగా ఉందనుకున్నాను. బండి ముందే వచ్చేస్తుందేమో అనుకున్నాను. గంటన్నరకు పైగా ఆ బెంచీ మీదే కూర్చున్నాను.

బండి చీపురుపల్లి దాటాక హైదరాబాదు మిత్రుడు ఫోన్ చేశాడు. అట్ట మీద సంతకం పెట్టించలేదంటే, "మంచి పని చేశావు, గ్రేడ్ నిలబడింది" అని మెచ్చుకున్నాడు. నేను థాంక్స్ కూడా చెప్పాను.

ఇది చదివి ఎవరైనా నెల్లిమర్ల వెళ్తే పొద్దుటి పాసింజరుకే వెళ్లండి, ఆ పూట సూరన్నగారు ఇంటి దగ్గరే ఉంటారు. ఆయన బొమ్మలున్న పుస్తకం ఏదున్నా తీసుకెళ్లి ఆయన చేతికివ్వండి. నా పుస్తకం ఇంకా నా బీరువాలోనే ఉంది. గ్రేడింగు ఫారం నింపాను గానీ పంపలేదు. పంపితే ఎంత శుభ్రంగా ఉందో చూసి మంచి మార్కులే వేస్తారు. పాత పేపర్ల కొట్టువాడి వేళ్లు తగిలాయి దానికి, నా వేళ్లు తగిలాయి. గీసినాయన వేళ్లు మాత్రం నేను తగలనివ్వలేదు.