కస్టమర్ కేర్ ఏడుపు

ఏడుపులో కూడా పరువు పోతుందంటే మీరు నమ్మకపోతే, నా సంగతి వినండి. కోరుట్లలో మా అవ్వ శవం ముందు, వాడకట్టంతా చూస్తుండగా నేను చేసిన ఘనకార్యం ఇది. అవ్వ అంటే మా వైపు అమ్మ. ఆ ముక్క నేనే మరిచిపోయాను కాబట్టి మీకు ముందే చెబుతున్నాను.

హైదరాబాదులో ఒక కస్టమర్ కేర్‌లో నా ఉద్యోగం. చేరిన కొత్తలో "ఏం గావాలె సారూ" అన్నానని హాలంతా నవ్వింది. ఆ రోజు బాత్రూములో తలుపేసుకుని ఏడ్చి, నా యాసను అక్కడే వదిలేసి బయటికొచ్చాను. తరవాత నా తెలుగు ఇస్త్రీ చొక్కాలా తయారైంది. ఇంటికి ఫోన్ చేసినా అదే తంతు. "అమ్మా, భోజనం చేశారా? మందులు వేసుకున్నారా?" అవతల బీడీలు చుట్టుకుంటూ అవ్వ "ఊఁ" అనేది. నా మర్యాదకు నేనే మురిసిపోయేదాన్ని.

అవ్వ పోయిందని కబురు రాగానే కోరుట్ల బస్సెక్కాను. మాలో కూతురు వీధి మలుపు నుంచే శోకం పెడుతూ రావాలి. ఆ గొంతు విని ఇంట్లో ఆడవాళ్ళు ఎదురొచ్చి పట్టుకోవాలి. నేనూ మొదలుపెట్టాను.

"అమ్మా! మమ్మల్ని ఇలా అన్యాయం చేసి వెళ్ళిపోయారా! దయచేసి ఒక్కసారి లేవండమ్మా!"

ఎవరూ ఎదురు రాలేదు. లోపల నుంచి మా సిరిసిల్ల మేనత్త అరిచింది.

"టీవీ బందు చెయ్యుండ్రి! పీనుగ ఇంట్ల సీరియల్ ఏందే?"

"టీవీ కాదత్తా, లచ్చి అచ్చింది" అన్నది మా వదిన. లచ్చి అంటే నేనే.

"అది మన లచ్చియా? చచ్చినదాన్ని దయచేసి లేవుమంటున్నది?"

ఏడుస్తున్నవాళ్ళంతా కొంగులు నోట్లో కుక్కుకున్నారు. భుజాలు కదులుతున్నాయి, ఏడుపుకో నవ్వుకో వాళ్ళకే తెలియాలి. నేను గడపలో నిలబడిపోయాను. గుండె పగిలిపోతోంది, నోటికి మాత్రం "మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం" తప్ప ఇంకేమీ రావడం లేదు.

పక్కింటి రజియా ఖాలా, అవ్వతో కలిసి బీడీలు చుట్టిన మనిషి, లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"గట్ల కాదు బిడ్డా. అవ్వా అను. గా అమ్మ ఎవలో మీ అవ్వకు ఎర్క లేదు." తరవాత గొంతు తగ్గించింది. "నీ ఫోనంటే దానికి పానం. కాని 'నా బిడ్డ పెద్ద మాటలు మాట్లాడ్తది, నేను నోరు తెరిస్తే దానికి పట్నంల నామోషి అయితదేమో' అని ఊఁ కొట్టి ఊకుండేది."

అవ్వకు నాతో చెప్పడానికి ఏమీ లేదనుకున్నాను. చెప్పడానికి జంకిందట. నన్ను కన్నతల్లి, నా దగ్గర జంకింది.

"ఓ అవ్వా! నా అవ్వా!" ఎక్కడ దాక్కుందో ఆ గొంతు, ఒక్కసారిగా తన్నుకొచ్చింది. "నన్నెందుకు తిట్టకపోతివే అవ్వా! మంచిగ మాట్లాడే అని చెంప మీద కొట్టకపోతివే! ఇగ నాతోని ఎవలు మాట్లాడ్తరే!"

మేనత్త పరుగున వచ్చి నన్ను కావలించుకుని గొల్లుమంది. "గిప్పుడు అచ్చిందే నా కోడలు!"

ఇప్పుడు ఫోన్లో ముసలి గొంతు వినబడితే "చెప్పవ్వా, ఏమైంది" అంటున్నాను. మేనేజరు మార్కులు కోస్తాడు, కోసుకోనీ. కావున ఇకమీదట నా వారితో అటువంటి భాషలో సంభాషించబోనని ఇందుమూలంగా సవినయంగా మనవి చేసుకుంటున్నాను.

చూశారా, జబ్బు! మళ్ళీ చెబుతాను.

అవ్వా, ఇంకోపారి గట్ల మాట్లాడనే. నీ మీద ఒట్టు అందామంటే, నువ్వే లేకపోతివి.