కోదాడ నుంచి వెనక్కి మళ్లిన బియ్యం

మిర్యాలగూడలో దేవిక మిల్లు చిన్నదేమీ కాదు, అలాగని పేరు మోగేంత పెద్దదీ కాదు. భర్త శ్రీనివాస్ పాలకీడులో పొలాలు చూసుకుంటే, మామగారు కట్టించిన ఆ మిల్లును ఆమె నడిపేది. అందులో ఆడేదంతా ఉప్పుడు బియ్యమే. నిడమనూరు వైపు నుంచి వచ్చే దొడ్డు వడ్లను నానబెట్టి, ఉడకబెట్టి, ఆరబెట్టి, మరపట్టి కాకినాడ రేవుకు పంపేవారు. అక్కడి నుంచి ఆఫ్రికాకు.

2023 ఆగస్టు చివర్లో ఒక ఉదయం కాకినాడ ఎగుమతిదారు ఫోన్ చేశాడు.

“లారీలు ఆపేయండమ్మా. ఉప్పుడు బియ్యం ఎగుమతి మీద ఇరవై శాతం సుంకం వేశారు. దేశంలో ధరలు పెరగకూడదని సర్కారు నిర్ణయం. ఇక మన సరుకు అక్కడివాళ్లు ముట్టుకోరు, థాయిలాండ్ బియ్యం కొనుక్కుంటారు.”

అప్పటికే లారీలు కోదాడలో టీకి ఆగాయి. దేవిక ముందు బండి డ్రైవర్ హరిలాల్‌కు ఫోన్ కలిపింది.

“హరిలాల్, బండ్లన్నీ ఎన్కకు మలిపియ్యి.”

“ఏమైంది మేడం, బియ్యం ఖరాబైనయా?”

“బియ్యానికేం కాలే. పన్ను పడ్డది. నువ్వైతే రా.”

తిరిగొచ్చిన సరుకును సూర్యాపేటలో ఇడ్లీ రవ్వ ఆడేవాళ్లకు తగ్గించి అమ్మేసింది. అది ఒక్కసారికే సరిపోయే బేరమని ఆమెకు తెలుసు.

కబురు నిడమనూరుకూ చేరింది. ఏటా ఆమెకే వడ్లు తోలే జంగయ్య మిల్లుకు వచ్చి కూర్చున్నాడు.

“దేవికమ్మా, నాట్లయిపోయినయ్. ఊరంతా దొడ్డురకమే ఏసినం. ఓడల మీద పన్నేస్తే మా వడ్లకేంది సంబంధం?”

“ఉంటది జంగయ్యా. గాడ కొనేటోడు లేకుంటే గీడ మిల్లు నడవదు. మిల్లు నడవకుంటే నీ వడ్ల ధర పడిపోతది.”

“మరి మేమేం గావాలె?”

“పంట నువ్వు మంచిగ తీయి. నీ వడ్లు నేను కొంట. ఎవరికమ్మాల్నో నేను సూసుకుంట.”

అన్నాక వెనక్కి తగ్గే మనిషి కాదామె. ఉప్పుడు బియ్యం తినేవాళ్లు కేరళలో కావలసినంతమంది. బియ్యం మూటలు కట్టించి, ఉడకబెట్టే పని చూసే హన్మాను వెంటబెట్టుకుని శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కింది. పాలక్కాడ్‌లో ఒక వ్యాపారి ఆ బియ్యం వండించి వాసన చూసి, పళ్లెం పక్కకు జరిపాడు. ముక్క వాసన వస్తోంది, రంగు పచ్చబారింది అన్నాడు. దేవిక చిన్నబుచ్చుకోలేదు. ఆయన అమ్మే బియ్యం వండించమని అడిగి, హన్మాతో కలిసి కడుపునిండా తిన్నది.

తిరుగు రైల్లో ఇద్దరూ అదే మాట్లాడుకున్నారు.

“నానబెట్టే నీళ్లు నడుమల మార్సాలె హన్మా. ఆవిరి గూడ తగ్గించాలె.”

“చేద్దాం మేడం. కాకపోతే టైం పడతది. మిల్లు సగమే నడుస్తది.”

“సగమే నడువనీ. మంచిగ నడువనీ.”

అలా ఆడించి మొదట పంపిన మచ్చు బియ్యమూ, తర్వాత పంపినదీ పాలక్కాడ్ వ్యాపారికి నచ్చలేదు. మూడోసారి ఆయనే ఫోన్ చేసి, లారీ ఎప్పుడు పంపుతారని అడిగాడు. వానాకాలం కోతలు మొదలయ్యేసరికి మిల్లు ముందు జంగయ్య ట్రాక్టర్ నిలబడింది. ఊరివాళ్ల ట్రాక్టర్లు దాని వెనకాల బారుతీరాయి. దేవిక ఒక్కటి కూడా తిప్పి పంపలేదు.

మరుసటి ఏడాది దసరా దాటాక సర్కారు ఆ సుంకం పూర్తిగా ఎత్తేసింది. కాకినాడ నుంచి మళ్లీ ఫోన్ వచ్చింది.

“ఇక మునుపటిలా సరుకంతా మాకే పంపండమ్మా.”

“అంతా కాదండీ, సగం. మిగతా సగానికి కేరళవాళ్లకు మాటిచ్చిన.”

“మళ్లీ సుంకం వేస్తారని భయమా?”

“భయమేం లేదు. ఏసినా ఎత్తేసినా మిల్లు మాత్రం నడుస్తది.”

ఫోన్ పెట్టేసి, వడ్లు నానబెట్టడానికి కొత్తగా కట్టిస్తున్న తొట్టి గోడ ఎంతవరకు లేచిందో చూడడానికి ఆమె బయటికి నడిచింది.