వెలగని బల్బుకు పడ్డ చుక్క

ఇన్నేళ్లుగా దీన్ని లోపలే దాచుకుని తిరుగుతున్నాను. అన్నం సయించని రోజులున్నాయి. మీకెందుకు చెబుతున్నానంటే, మీరు నన్ను ఎరగరు. ఎరిగినవాళ్ల ముందు నోరు పెగలదు.

భివండీలో సాంచలకు, అంటే మరమగ్గాలకు, మోటార్లు బాగుచేసేవాణ్ణి. తొంభైల చివర్లో పద్మనగర్‌లో కొత్తగా దవాఖానా పెట్టిన కళ్ల డాక్టరమ్మ నన్ను పిలిపించింది. మనిషి ఎదురుగా చూస్తున్నప్పుడు పక్కలకు ఎంతమేర కనబడుతుందో కొలిచే యంత్రం కావాలంది. కొనే తాహతు లేదట. బొమ్మ గీసి ఇచ్చింది. చేశాను. పెద్ద తెల్లటి గిన్నె, దాని నిండా చిన్న బల్బులు. గిన్నెలో తల పెట్టి నడిమి గుర్తునే చూడాలి. బల్బులు ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతాయి. కనబడినప్పుడల్లా మీట నొక్కితే వెనక కాగితం మీద ఆ బల్బు చోట చుక్క పడుతుంది. చుక్క లేని చోట చూపు లేనట్టు. నేనేదో ఇంజనీరునైపోయినట్టు వాడంతా చెప్పుకున్నాను.

మొదటి పరీక్షకు మల్లయ్య మామ వచ్చాడు. మా గది పక్క ఖోలీలోనే ఉండేవాడు, సాంచలు నడిపేవాడు. ఎడమ పక్క నుంచి వచ్చే మనుషులు తగులుతున్నారని ఆయన బాధ. కాగితం నిండా చుక్కలు పడ్డాయి. డాక్టరమ్మ అది చూసి, చూపు బాగుంది, భయం లేదంది. అందరి ముందూ నన్ను మెచ్చుకుంది.

ఆమె లోపలికి వెళ్లాక గిన్నె వెనక్కి పోయి చూశాను. ఎడమ వైపు తీగ ఊడి ఉంది. ఆ వైపు బల్బులు ఒక్కటీ వెలగలేదు. మరి చుక్కలెలా పడ్డాయి?

“మామా, దీపం కనవడితేనే నొక్కినవా?”

“ఏమో అల్లుడా. ఒక్క తీరుగ వస్తున్నయి గద. సాంచ మీద లెక్కనే చెయ్యి దానంతటదే పోయింది. ఏంది, తప్పయిందా?”

“ఏం లేదు మామా. మంచిగనే ఉంది.”

ఆ మాట అన్నది నేనే. బల్బులు సమానమైన ఎడంతో వెలిగేలా పెట్టిందీ నేనే. రోజంతా మగ్గం దెబ్బ వింటూ, చూడకుండానే చెయ్యి వేసే మనిషికి ఆ తాళం ఒకసారి దొరికాక కళ్లతో పనేముంది? అది నాకు ముందు తట్టకపోవడం తప్పు కాదేమో. తట్టాక నోరు మూసుకోవడం?

ఆ వారంలోనే తీగ అతికాను. బల్బుల మధ్య ఎడాలు హెచ్చుతగ్గులు చేశాను. తర్వాత వచ్చినవాళ్లకు యంత్రం సరిగ్గానే చెప్పింది. మల్లయ్య మామను మాత్రం మళ్లీ పిలవలేదు. పిలిస్తే ఎందుకని డాక్టరమ్మ అడుగుతుంది. అప్పుడు నా పరువు? రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ తేలు కుట్టిన దొంగలా తిరిగాను. ఆయన నా ఎదుటే గుమ్మానికి భుజం కొట్టుకునేవాడు. నేను తల తిప్పుకునేవాణ్ణి.

కొన్నేళ్లకు ఆయనకు చూపు పూర్తిగా పోయింది. ముందే వచ్చి ఉంటే ఆపగలిగేవాళ్లమని ముంబయిలో డాక్టర్లు అన్నారట. ఆయన ముందే ఎందుకు పోలేదో నాకు తెలుసు. కళ్లు మంచిగున్నాయని అల్లుడి మిషనే చెప్పింది కదా అని ఇప్పటికీ అందరితో అంటాడు. నా గొంతు గుర్తుపట్టి, పక్కన కూర్చోబెట్టుకుని చాయ్ తెప్పిస్తాడు. తాగుతాను.

ఇప్పుడు రాసేశాను. గుండె మీది బరువు కొంచెం తగ్గింది, అబద్ధమెందుకు. కానీ మీతో చెప్పడం తేలికని నాకు తెలియదా? ఆయన దీన్ని చదవలేడు.