పక్క సీటు

ఆసుపత్రిలో ముప్ఫై రెండేళ్ళు నర్సుగా చేసి రిటైరైన సిస్టరమ్మకి తన సవతి ఎవరో బాగా తెలుసు. ఆ సవతికి ఆరు చక్రాలు, రెండు తలుపులు, యాభై రెండు సీట్లు. తెల్లారేసరికి ఆయన్ని డిపోలోంచి ఎగరేసుకుపోయిందంటే మళ్ళీ సాయంత్రానికి గాని ఇంటికి అప్పగించేది కాదు.

ఆయన అంటే ఆమె భర్త, బస్సు కండక్టరు. ఊరంతా ‘రైట్‌రైట్’ అని పిలుస్తుంది. అసలు పేరు పెన్షన్ కాగితాల్లో భద్రంగా ఉందిగాని బయట దాన్ని వాడినవాళ్ళు లేరు. పోనీ ఆమె పేరైనా ఎవరికన్నా తెలుసా అంటే అదీ లేదు. సగం ఊరికి సూదిమందు వేసిన మనిషి కాబట్టి చిన్నా పెద్దా అందరికీ సిస్టరమ్మే.

సవతి అన్న మాట ఆమె ఊరికే సరదాకి అనేది కాదు. పెళ్ళయిన నాలుగో రోజున ఇద్దరూ కాపురానికి బయల్దేరింది ఆయన డ్యూటీ బస్సులోనే. మొదటి వరసలో కిటికీ పక్క సీటుని జేబురుమాలుతో తుడిచి ఆమెని కూర్చోబెట్టి, ఆయన వెళ్ళి తలుపు దగ్గర నుంచున్నాడు. జనం ఎక్కాక వచ్చి కూర్చుంటాడేమోనని ఆమె పక్క సీట్లో చేతిసంచి పెట్టి కాపలా కాసింది. మూడో స్టాపులో గంప నెత్తినపెట్టుకుని ఒక లావుపాటి ఆవిడ ఎక్కి, ఆ సంచి తీసి ఆమె ఒళ్ళో పెట్టి, హాయిగా చతికిలబడింది. ఇల్లు చేరేదాకా సిస్టరమ్మ గంపతోనే కాపురం చేసింది.

పోనీ డ్యూటీ కదా అనుకోవచ్చు. సెలవు పెట్టి చుట్టాలింటికి వెళ్ళినా అదే వరస, అమ్మాయిని కాలేజీలో చేర్చడానికి వెళ్ళినా అదే వరస. బస్సు ఖాళీగా ఉన్నా సరే, ఆమెని మొదటి సీట్లో దింపి తను తలుపు దగ్గర తేలతాడు. అదే రైల్లో అయితే బుద్ధిగా పక్కనే కూర్చుని, ఆమె భుజం మీద తల వాల్చి, నోరు తెరుచుకుని నిద్రపోతాడు. రైలెక్కితే తన మనిషి, బస్సెక్కితే బస్సు మనిషి. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? నోరు తెరిచి అడగొచ్చు కదా అని మీరనొచ్చు. నాలుగు వార్డుల రోగులని గదమాయించే మనిషే గాని, ‘నా పక్కన కూర్చోండి’ అని మొగుణ్ణి బతిమాలడానికి ఆమెకి అభిమానం అడ్డొచ్చింది.

ఇద్దరూ ఒకే ఏడాది రిటైరయ్యారు. ఆసుపత్రివాళ్ళు వీడ్కోలు సభలో ఆమెకి రెండు పెద్ద సూట్‌కేసులు బహుమతిగా ఇచ్చారు. మర్నాడే ఆమె వాటిని కొన్న షాపుకే పట్టుకెళ్ళి, బదులుగా వీపున తగిలించుకునే సంచులు రెండు తెచ్చింది. గోడ మీద ఆసియా పటం అంటించి, పెన్సిలుతో ఒక గీత గీసి, “ఏడాది పాటు తిరుగుదాం. విమానాలొద్దు. బస్సుల్లోనే” అంది.

“బస్సుల్లోనా?” అన్నాడు ఆయన, కొంచెం తడబడి.

“అవును. ఇప్పుడు మీకు డ్యూటీ లేదు కదా.”

అమ్మాయి ఫోన్లో నెత్తీ నోరూ కొట్టుకుంది. “ఈ వయసులో స్కూలు పిల్లల్లా వీపున సంచులేమిటమ్మా! మోకాళ్ళ నొప్పులని నిన్నేగా ఏడ్చావు?”

“నిన్న కూర్చుని ఉన్నాను కాబట్టి నొప్పులు. నడిస్తే అవే పోతాయి” అంది సిస్టరమ్మ. రోగులకి చెప్పే అబద్ధాలు కూతురికి చెప్పడం ఆమెకి కొత్త కాదు.

అలా బయల్దేరారు. ఆ ప్రయాణంలో రైట్‌రైట్‌ని చూసి తీరాలి. ఏ దేశం నోట్లయినా నిలువుగా మడిచి వేళ్ళ సందుల్లో ఇరికించుకునేవాడు. బస్సు ఎంత ఊగినా దేన్నీ పట్టుకోకుండా, కాళ్ళు ఎడంగా పెట్టి, నడుము సీటు కమ్మీకి ఆనించి నిలబడేవాడు. ముసలివాళ్ళ మూటలు అందుకునేవాడు, ఏడ్చే పిల్లల్ని ఆడించేవాడు, ఏ రాజ్యంలోనైనా సరే అచ్చ తెలుగులో “ముందుకి జరగండి, లోపలంతా ఖాళీ!” అని కేకేసేవాడు. విచిత్రమేమిటంటే జనం జరిగేవారు. ఆ కేకలో ఏముందో గాని ఎనిమిది దేశాలవాళ్ళకి దానికి అర్థం చెప్పాల్సిన పని పడలేదు. ఆ బస్సుల కండక్టర్లు మొదట అనుమానంగా చూసేవాళ్ళు, తర్వాత నవ్వేవాళ్ళు, దిగేటప్పుడు వీపు తట్టి పంపేవాళ్ళు.

ఇదంతా మొదటి వరస కిటికీ పక్క కూర్చుని సిస్టరమ్మ చూస్తూనే ఉంది. పక్క సీట్లో ఎవరెవరో కూర్చుంటున్నారు, లేస్తున్నారు. కోళ్ళ బుట్టతో ఒక ముసలాయన, అల్లిక సూదులతో ఒక ఆవిడ, పొడుగ్గా ఆవలించే సైనికుడొకడు. మొదటి నెల నవ్వుకుంది. మూడో నెలకి మూతి ముడుచుకుంది. పదకొండో నెల వచ్చేసరికి కడుపులో మంట ఆపుకోలేక పోయింది. ఇంత దూరం వచ్చింది కొండలూ గోపురాలూ చూడ్డానికి కాదని, ఒక మనిషి పక్కన కూర్చుని కిటికీలోంచి బయటికి చూడ్డానికని ఆ మనిషికి ఎప్పుడు తెలుస్తుంది? ఇంకొక్క పెద్ద బస్సు ప్రయాణం మిగిలింది, ఆరు గంటల ఘాట్ రోడ్డు. అది దాటితే ఇంటిదారే.

ఆ ముందు రోజు సాయంత్రం ఇద్దరూ అద్దెగదిలో ఉన్నారు. కిటికీ ఊచ నుంచి బీరువా పిడికి కట్టిన తాడు మీద నాలుగు మేజోళ్ళు, ఒక తువ్వాలు ఆరుతున్నాయి. ఆయన మంచం మీద బాసింపట్టు వేసుకుని తెగిన సంచి పట్టీ కుట్టుకుంటున్నాడు.

“ఏవండీ, రేపటి బస్సుకి సీట్లు తీసుకున్నాను. ఏడు, ఎనిమిది. పక్కపక్కనే.”

“మంచి పని చేశావు. రెండో దాంట్లో సంచులు పెట్టుకోవచ్చు.”

“సంచులు పైన పెడతారు. రెండో దాంట్లో మీరు కూర్చుంటారు. ఎక్కిన దగ్గర్నించి దిగేదాకా.”

“కూర్చుంటాలే గాని, మధ్యలో ఎవరన్నా పెద్దావిడ ఎక్కితే...”

“నేను పెద్దావిడని కానా? నాకు అరవై దాటలేదా?” సిస్టరమ్మ గొంతు పెంచలేదు. వార్డులో కూడా ఆవిడ గొంతు పెంచితే ఎవరూ భయపడేవారు కాదు, తగ్గిస్తేనే భయపడేవారు. “రేపు మీరు నా పక్కన కూర్చోకపోతే, ఎల్లుండి నేనొక్కదాన్నే ఇంటికెళ్ళిపోతాను. మీరూ మీ బస్సూ ఊరేగండి.”

సూది ఆయన వేల్లో దిగింది. వేలు నోట్లో పెట్టుకుని ఆమెని చూశాడు. ఆమె సూదిమందు వేస్తానంటే వేసే రకం.

“కూర్చుంటాను” అన్నాడు చివరికి.

మర్నాడు పొద్దున్న ఆయన ఏమీ తినలేదు. మంచినీళ్ళు కూడా గుటక వేసి వదిలేశాడు. అలిగాడనుకుని ఆమె పట్టించుకోలేదు. బస్సు కండక్టరు పాతికేళ్ళ పిల్ల, ముఖం నిండా నవ్వు. తలుపు దగ్గర ఆ పిల్ల నుంచున్న తీరు చూసి ఆయన ఒక్క క్షణం ఆగి, మెచ్చుకోలుగా తల ఊపి, నిట్టూర్చి, రెండో వరసకి నడిచి ఎనిమిదో నంబరు సీట్లో కూర్చున్నాడు.

సిస్టరమ్మకి గుండె నిండిపోయింది. పెళ్ళినాడు కూడా అంత సంతోషం వేయలేదంటే ఆమె ఒప్పుకుంటుంది. బస్సు కదిలింది. కిటికీ తెరిచింది. చెప్పాలని ఇన్నేళ్ళుగా దాచుకున్న కబుర్లు ఒక్కసారిగా గొంతులోకి వచ్చాయి. మగవార్డులో కట్టు కట్టించుకోకుండా కిటికీ దూకి పారిపోయిన పహిల్వాను కథతో మొదలుపెట్టింది.

“ఊఁ” అన్నాడు ఆయన.

డాక్టరు తన కళ్ళజోడు బదులు రోగి కళ్ళజోడు పెట్టుకుని మందుచీటీ రాసిన కథ చెప్పింది.

“ఊఁ.”

ఘాట్ రోడ్డు మొదలైంది. మొదటి మలుపు, రెండో మలుపు. మూడో మలుపు తిరిగేసరికి ఆ ‘ఊఁ’ కూడా ఆగిపోయింది. ముందు సీటు కమ్మీని రెండు చేతులతో బిగించి పట్టుకుని, కదలకుండా, ఉలుకూ పలుకూ లేకుండా ఎదురుగా చూస్తున్నాడు. ఆమె కబుర్లు మధ్యలో తెగిపోయాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముఖం కిటికీ వైపు తిప్పుకుని అంది:

“నా పక్కన కూర్చోవడం మీకంత శిక్షా?”

ఆయన గబుక్కున ఆమె వైపు తిరిగాడు. జవాబు చెప్పాలనే నోరు తెరిచాడు. పాపం, వచ్చింది మాత్రం జవాబు కాదు. ఆమె ఒళ్ళో ఉన్న కొత్త శాలువా పాడైపోయింది.

ముప్ఫై రెండేళ్ళ అలవాటు ఊరికే పోతుందా? ఏడుపు సంగతి మర్చిపోయి సిస్టరమ్మ చేతులు వాటంతటవే పనిలో పడ్డాయి. ఒక చెయ్యి నుదుటి కిందికి, ఒక చెయ్యి వీపు మీదికి. కండక్టరు పిల్ల బస్సాపించి నీళ్ళసీసా తెచ్చింది. ఆయన్ని కిందికి దింపి రోడ్డు పక్కన రాతి పిట్టగోడ మీద కూర్చోబెట్టారు. ముఖం కడిగి, నాడి చూసి, కనురెప్పలు ఎత్తి చూసి, “ఇది తిండి తేడా కాదు. ఎప్పట్నించి?” అని నిలదీసింది.

“చిన్నప్పట్నించి” అన్నాడు ఆయన, తల దించుకుని. “బస్సులో కూర్చుంటే నాకు పడదు.”

“బస్సు పడదా? మీకా? మరి ఇన్నేళ్ళు ఉద్యోగం ఎలా వెలగబెట్టారు?”

“నుంచుంటే ఏమీ అవదు. తలుపు దగ్గర గాలి తగలాలి, ఎదర రోడ్డు కనపడాలి. కూర్చున్నానా, ఇదిగో ఇంతే.”

“నాతో చెబితే నోరు పడిపోతుందా?”

“కొత్తలో సిగ్గేసింది. కండక్టరుకి వాంతులంటే నవ్వవూ? తర్వాతెప్పుడన్నా చెబుదాంలే అనుకున్నాను. ఐదేళ్ళు అయిపోయాయి, పదేళ్ళు అయిపోయాయి. ఇక అప్పుడేమని చెప్పను?”

ఊళ్ళోవాళ్ళ కడుపుల్లో ఏముందో ముఖం చూసి చెప్పే సిస్టరమ్మ, ఇంట్లో ఉన్న కడుపుని ముప్ఫై నాలుగేళ్ళు కనిపెట్టలేకపోయింది. నవ్వాలో ఏడవాలో తెలియక మొదట నవ్వింది. నవ్వి నవ్వి పిట్టగోడ మీద కూలబడింది. ఆ నవ్వులోనే ఏడుపొచ్చేసింది.

“నా పక్కన కూర్చోవడం ఇష్టం లేదనుకున్నాను. ఇన్నేళ్ళూ.”

ఆయన బిత్తరపోయాడు. “ఇష్టం లేకపోవడమేమిటే? నిన్నెప్పుడూ మొదటి సీట్లోనే ఎందుకు కూర్చోబెట్టేవాణ్ణి మరి? తలుపు దగ్గర నుంచుంటే తిన్నగా కనపడేది ఆ ఒక్క సీటే. అక్కడున్న మగవాళ్ళని లేపడానికి ఎన్ని తిట్లు తిన్నానో నీకేం తెలుసు!”

సిస్టరమ్మ తడిచేత్తో ఆయన జుట్టు సరిచేసింది. అంతదాకా సద్దుచేయకుండా కిటికీల్లోంచి చూస్తున్న బస్సు జనం, భాష తెలియకపోయినా సంగతేదో తెలిసినట్టే, ఒక్కసారి ఊపిరి వదిలారు.

బస్సెక్కగానే ఆయన పరువుకోసం మళ్ళీ ఎనిమిదో నంబరు వైపు నడవబోయాడు. ఆమె ఆయన చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది. వెనక నిలబడ్డ చంటిబిడ్డల తల్లిని పిలిచి ఏడూ ఎనిమిదీ రెండూ ఇచ్చేసింది. తర్వాత వెళ్ళి తలుపు దగ్గర నుంచుంది. కండక్టరు పిల్ల పకపకా నవ్వి మెట్టు మీదికి దిగి చోటిచ్చింది.

“నువ్వు నుంచోలేవే. పడిపోతావు” అన్నాడు ఆయన.

“నేర్పండి.”

“కాళ్ళు ఎడంగా పెట్టు. మోకాళ్ళు బిగబట్టకు. నడుము ఇక్కడ ఆనించు. బస్సుని ఆపాలని చూడకు, దాంతో పాటే ఊగు. ఆఁ, అలా.”

రెండు మలుపులు ఆమె ఆయన మీద పడింది, ఒక మలుపు కండక్టరు పిల్ల మీద పడింది. నాలుగో మలుపుకి ఎవరి మీదా పడలేదు. అప్పుడు తలెత్తి చూసింది. డ్రైవరు ముందున్న పెద్ద అద్దం నిండా రోడ్డు. కొండ మొత్తం ఎదురొచ్చి, మీద పడబోయి, ఆఖరి క్షణంలో పక్కకి తప్పుకుంటోంది. మలుపు తిరిగిన ప్రతిసారీ లోయ కొత్తగా తెరుచుకుంటోంది. తలుపు సందులోంచి చల్లటి గాలి ముఖానికి కొడుతోంది. ఆయన ఆమె పక్కనే, భుజానికి భుజం తగులుతూ, తేరుకున్న ముఖంతో హాయిగా ఊగుతున్నాడు.

సిస్టరమ్మకి ఒళ్ళు మండుకొచ్చింది.

“ముప్ఫై నాలుగేళ్ళ నించీ ఇదంతా మీరొక్కరే చూస్తున్నారా? నన్ను వెనక్కిపోయే చెట్లు చూసుకోమని కూర్చోబెట్టి!”

“పోనీ, వెళ్ళి కూర్చుంటావా?”

“కొంచెం జరగండి” అంది.

ఆయన అరడుగు జరిగాడు. దారి ఇంకా నాలుగు గంటలుంది.