దాచిన గడి

ఇందులో నేను కల్పించింది ఒక్క ముక్క లేదు. కల్పించేవాణ్నే అయితే నన్ను నేను మంచివాడిగా చూపించుకునేవాణ్ని.

తప్పు మధ్యాహ్నమే చేశాను. హైటెక్ సిటీలో మా ఆఫీసు టవర్ హౌస్‌కీపింగ్ వాళ్ల వివరాలు నమోదు చేసే వెబ్ ఫారం నా పని. అందులో 'ఆపద వస్తే ఎవరికి ఫోన్ చేయాలి' అనే గడి నింపకపోతే ఫారం ముందుకు కదలదు. ఫారం పొడుగైందని మేనేజర్ సణిగాడు. ఆ గడిని కనపడకుండా దాచేసి, లోపల నా నంబరే పెట్టేశాను. రేపు సరిచేద్దాంలే అనుకున్నాను. సాయంత్రానికి అందరి పేర్లూ ఎక్కించేశారు.

రాత్రి ఒకటిన్నరకు, నార్సింగిలో నా గదిలో ఉండగా ఫోన్ మోగింది. టవర్ సెక్యూరిటీ గార్డు.

"సార్, సత్తెమ్మకు మీరేమైతరు?"

"ఏ సత్తెమ్మ?"

"నైట్ డ్యూటీ సత్తెమ్మ. మెట్ల మీద పడ్డది, సోయి లేదు. తలకు ఆపరేషనట. దవాఖానల ఇంటోళ్ల సంతకం కావాలంటున్నరు. ఆమె ఫోన్ పగిలింది. కంప్యూటర్ల మీ నంబరే ఉంది."

లేచి లైటు వేశాను.

"జర జల్ది చెప్పండి సార్."

ల్యాప్‌టాప్ తెరిచాను. ఆమె పేజీలో పేరు, షిఫ్టు... అంతే. రిఫ్రెష్ చేశాను. మళ్లీ చేశాను.

అప్పుడు... నేను దాచిన గడి కనిపించింది. ఖాళీగా. లోపల కర్సర్ కొట్టుకుంటోంది.

నా చేతులు ఒళ్లో ఉన్నాయి.

టక్. తొమ్మిది.

కీలు కదల్లేదు. చప్పుడు మాత్రం విన్నాను. చాలాసేపటికి... ఇంకో టక్. అలవాటు లేనివాళ్లు ఒంటివేలితో వెతుక్కుంటూ కొట్టినట్టు. ఎనిమిదో అంకె పడింది... చెరిగింది. దాని చోట ఇంకొకటి పడింది.

పది అంకెలూ పూర్తయ్యాక ఆ నంబరుకు ఫోన్ చేశాను. మియాపూర్‌లో ఉండే సత్తెమ్మ కూతురు ఎత్తింది. వెంటనే దవాఖానకు వెళ్లి సంతకం పెట్టింది.

తెల్లారి చూస్తే ఆ గడి దాచే ఉంది. సర్వర్‌లో నా నంబరే ఉంది. ఎవరూ ముట్టుకున్న ఆనవాలు లేదు.

తప్పు నాదేనని మేనేజర్‌తో చెప్పాను. గడి బయటపెట్టాను. మూడు షిఫ్టుల వాళ్లనూ ఒక్కొక్కరినే కలిసి, నంబర్లు అడిగి నేనే ఎక్కించాను.

ఆఖరున సత్తెమ్మ. దవాఖాన మంచం మీద, తలకు కట్టుతో. ఆమెకు క్షమాపణ చెప్పి, ఆ రాత్రి గడి సంగతి అడిగాను.

"నాకు కంప్యూటర్ ముట్టుడే తెల్వది సార్. పరేషాన్ గాకు... రాసుకో" అని కూతురి నంబరు చెప్పింది.

ల్యాప్‌టాప్‌లో ఒంటివేలితో మెల్లగా కొట్టాను. ఎనిమిదో అంకె దగ్గర నా వేలు తప్పింది. చెరిపి... మళ్లీ కొట్టాను.