మా మెట్లగది డబ్బాకి మీ అమ్మ నేర్పిన మాటలు

రాసుకుంటున్నావా? నిదానంగానే చెబుతాలే. ఇది మీ అమ్మ సంగతి, నువ్వు పుట్టకముందుది.

అప్పట్లో మీ అమ్మానాన్నలు ఏలూరులో ఉండేవాళ్ళు, మీ అమ్మ అక్కడ ఒక చిన్న ఇంటర్నెట్ ఆఫీసులో పనిచేసేది. అక్కణ్ణించి మన కొల్లేటికోటకి గాలిలోనే లైను ఇచ్చారు. మన డాబా మీద ఇనప గొట్టం నిలబెట్టి, దానికో పళ్ళెంలాంటిది బిగించి, కింద మెట్లగదిలో ఒక డబ్బా పెట్టారు. ఊళ్ళో బడికీ, చేపల కొనుగోలు ఆఫీసుకీ ఇంటర్నెట్ ఆ డబ్బాలోంచే వెళ్ళేది. వాళ్ళ ఆఫీసు ఓనరుగారి వెంటపడి ఈ ఊరికి లైను ఇప్పించింది మీ అమ్మే.

కరెంటు పోతే డబ్బా బ్యాటరీ మీద నడిచేది. అదీ అయిపోతే లైను ఆగిపోయేది. జనరేటరు మన పెరట్లోనే ఉంది, కానీ బ్యాటరీ ఎంత మిగిలిందో, ఎప్పుడు వెయ్యాలో మాకేం తెలుసు? చేపలాఫీసు వాళ్ళు ఏలూరికి ఫోన్ చేసి కేకలేస్తే మీ అమ్మ బస్సెక్కి, ఆటో మారి, చెమటలు కక్కుతూ వచ్చేది. చివరికి ఓనరుగారు, "ఇంకొక్కసారి ఆగిందంటే ఆ డబ్బా దింపేద్దామమ్మా" అనేశారు.

మర్నాడే మీ అమ్మ లాప్‌టాప్ పట్టుకుని దిగింది. అన్నం కూడా తినకుండా మెట్ల మీద కూర్చుని డబ్బాకి తీగ తగిలించింది. నేను మజ్జిగ పట్టుకెళ్ళాను.

"ఏం చేస్తున్నావమ్మాయ్?"

"ముందు తాళం మారుస్తున్నానత్తయ్యా. దీన్ని ఏదైనా అడగాలంటే ఒక మాట చెప్పాలి. తయారుచేసినవాళ్ళు అన్ని డబ్బాలకీ 'పబ్లిక్' అనే పెట్టి పంపుతారు."

"పబ్లిక్ అంటే అందరిదీ అని కదే!"

"అదేనండీ మరి. ఇన్నాళ్ళూ తలుపు బార్లా తీసే ఉంది. ఇప్పుడు కొత్త మాట పెట్టి, మా ఆఫీసు మెషిను అడిగితే తప్ప ఇంకెవరికీ జవాబు చెప్పొద్దంటున్నాను."

ఆ కొత్త మాటేంటన్నాను. "మీక్కూడా చెప్పకూడదండీ" అని నవ్వింది. అత్తగారని మొహమాటపడలేదు చూడు! నాకెంత ముచ్చటేసిందో.

కరెంటు పోగానే డబ్బా ఏలూరు ఆఫీసుకి చెప్పేలా, అక్కణ్ణించి నా సెల్లుకి మెసేజీ వచ్చేలా పెట్టింది.

"అసలు లైనే పోతే? పోయిన లైను మీద పోయిందనే కబురు ఎలా వస్తుంది?" అన్నాను.

"రాదండీ. అందుకే మా మెషిను దీన్ని మాటిమాటికీ పలకరిస్తుంటుంది. ఇది పలక్కపోతే లైను పోయిందని మీకు ఆ మెషినే కబురు పెడుతుంది."

అదీ ముందే ఆలోచించేసింది!

అంతా బాగానే ఉంది కానీ, మన కరెంటు సంగతి నీకు తెలుసుగా, వచ్చేదీ పోయేదీ. పోయినప్పుడల్లా ఫోను మోగడమే. మీ తాతయ్య విసిగిపోయి దాన్ని దుప్పట్లో చుట్టేశారు. పైగా మెసేజీ అంతా ఇంగ్లీషు. నేను అక్షరం అక్షరం కూడబలుక్కుని మీ అమ్మకి ఫోన్ చేశాను.

"అమ్మాయ్, ట్రాప్ అంటోంది. ఎలకల బోనా ఏంటే?"

పడీపడీ నవ్వింది. "అలాంటి కబుర్ని మా వాళ్ళు అలాగే అంటారండీ. తప్పు నాదే, ఉండండి" అంది. ఏలూరులో కుర్చీలోంచి లేవకుండానే అన్నీ మార్చేసింది. బ్యాటరీ సగానికి దిగితేనే మెసేజీ. అదీ ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు: "బ్యాటరీ సగం అయిపోయిందండీ. జనరేటరు వేయండి."

మీ తాతయ్య అది చదివించుకుని, "పెళ్ళయిన ఇన్నేళ్ళకి నిన్ను అండీ అనేవాడొకడు దొరికాడు" అన్నారు. "మీరు నేర్చుకోండి మరి" అన్నాను.

తర్వాత ఒక మధ్యాహ్నం పెద్ద గాలివాన వచ్చి, చెరువుగట్ల మీద స్తంభాలు ఒరిగిపోయాయి. కరెంటు పోయింది. కాసేపటికి ఫోను మోగింది, అదే మెసేజీ. మీ తాతయ్య నెత్తిన గోనెపట్టా వేసుకుని పెరట్లోకి పరిగెత్తారు. తాడు లాగీ లాగీ చెయ్యి నొప్పెట్టింది కానీ జనరేటరు అందుకుంది. సాయంత్రం చేపలాఫీసు వాళ్ళే వచ్చి, "మాకు ఇంటర్నెట్ ఆగనే లేదండీ!" అన్నారు.

డబ్బా దింపే మాట ఓనరుగారు మళ్ళీ ఎత్తలేదు. గణపవరం, తాడేపల్లిగూడెం డబ్బాలు కూడా చూసుకోమని మీ అమ్మకే అప్పజెప్పారు. ఆ సంగతి ఫోన్లో చెబుతూ, "ఇక ఈ డబ్బా కోసం నేను అక్కడికి రానక్కర్లేదత్తయ్యా" అంది. ఎంత సంబరమో ఆ గొంతులో. నాకూ గర్వమే, కానీ లోపల ఎక్కడో చివుక్కుమంది.

"డబ్బా కోసం రావద్దులే. కొర్రమీను పులుసు పెడతాను, దానికోసం రా" అన్నాను.

ఆ ఆదివారం చర్చి అవగానే బస్సెక్కేసింది.