మేడ మీదికి రాని వెయ్యి

నాందేడ్‌ల మా ఇంట్ల కింద మా ఆయన అన్న, బావవాళ్లుంటరు, మీద మేముంటం. అన్నదమ్ములిద్దరికీ బజార్ల ఒక్కటే స్టీలు గిన్నెల దుకాణం, పొయ్యిలు మాత్రం వేరు. యారాలితోని, అంటే బావ పెండ్లాంతోని, నాకు కొట్లాటలేం లేవు, అట్లని దోస్తీ కూడా లేకుండె. ఆమె మెట్లెక్కి వచ్చిందంటే ఏదో పని ఉన్నట్టు, నేను కిందికి పోయిన్నంటే ఏదో అడగనీకి పోయినట్టు.

నేను మీది రూముల కూసొని పదో తరగతి పిల్లలకు కంప్యూటర్ల లెక్కలు చెప్తా. పాత నెట్ కనెక్షన్‌తోని శాన తిప్పలు పడ్డ. అందుకే రెండిండ్లకు కలిపి ఒక్క ఫైబర్ పెట్టిద్దామని బావ అన్నప్పుడు అందరికన్న ఎక్కువ సంబరపడ్డది నేనే. గిగాబిట్ అంట, అంటే వెయ్యి స్పీడు. "గల్లీ అంతా వాడుకున్నా ఒడవది" అన్నడు మా ఆయన.

వైఫై డబ్బా కింద ముందటి రూముల పెట్టిన్రు. ఆ రూము సగం ఇల్లు, సగం గోదాం. దుకాణంల పట్టని సరుకంతా ఆడనే పడుతది.

మొదట్ల మంచిగనే నడిచింది. లగ్గాల సీజన్ మొదలయ్యేసరికి నా క్లాసుల పిల్లలు "మ్యాడమ్, ఆవాజ్ తుటతోయ్" అనుడు షురూ చేసిన్రు. నా గొంతు ముక్కలు ముక్కలుగ వినబడుతున్నదట. స్పీడు చూసుకుంటే నలభై. ఇంకొకసారి చూస్తే ముప్పై. మిగిలినదంతా ఎటు పోయింది?

ముందు కంపెనీ మీదనే అనుమానపడ్డ. వెయ్యి అని చెప్పి నలభై ఇస్తున్నరనుకున్న. కంప్లైంట్ చేస్తే ఒకాయన వచ్చిండు. డబ్బాకు తన ల్యాప్‌టాప్ వైరుతోని తగిలించిండు. తొమ్మిదివందలు దాటింది. "వహినీ, స్పీడ్ పూర్ణ యేతోయ్" అని, పూర్తిగ వస్తున్నది చూసుకోమన్నట్టు తెర నా దిక్కు తిప్పిండు. తన వైరు చుట్టుకొని పోయిండు.

కింద డబ్బాల తొమ్మిదివందలు, మీద నా దగ్గర ముప్పై. నడుమల ఉన్నది యారాలి ఇల్లు.

ఆనాటి సంది క్లాసు చెప్తుంటే నా చెవులు మెట్ల దిక్కే ఉంటుండె. పిల్లల గొంతు ఆగినప్పుడల్లా కింద నెట్‌తోని నడిచే టీవీ మోగుతుండె. నిజం చెప్పాలంటే ఆ టీవీ పొద్దంతా మోగుతనే ఉంటది, నాకు క్లాసు ఆగినప్పుడే వినబడేది. ఒకనాడు పట్టలేక కిందికి పోయిన. ఆమె బియ్యం ఏరుతున్నది.

"అక్కా, పొద్దుమీకి పిల్లలు ఏం చూస్తుంటరు?"

"ఎందుకు?"

"ఊకెనే."

చాట కింద పెట్టి నా మొఖం చూసింది. "నెట్ అస్తలేదా మీకు? మాకైతే మంచిగనే అస్తున్నది."

ఆ 'మాకైతే' అన్న మాట నా మనసుల ముల్లులెక్క ఇరికింది. మీదికి వచ్చి మా ఆయనతోని అన్న: "డబ్బా సెట్టింగులన్నీ మీ అన్న ఫోన్లనే ఉన్నయి. ఎవరికెంత ఇయ్యాల్నో అండ్ల పెట్టుకోవచ్చట."

"మా అన్న గట్ల చేస్తడా?"

"బావ చెయ్యడు."

ఎవరిని అంటున్ననో ఆయనకు సమజయింది. అన్నం తిని, గిన్నె కడిగి, దుకాణానికి పోయిండు.

ఆ తర్వాత యారాలి తమ్ముని లగ్గమని బావవాళ్లందరూ ఇస్లాపూర్ పోయిన్రు. దీపం పెట్టమని తాళంచెయ్యి నాకిచ్చిన్రు. వాళ్ల ఆటో మూల తిరిగిందో లేదో, నేను కంప్యూటర్ ముందు కూసున్న. కింద మనిషి లేడు, టీవీ లేదు. ఇగ చూడు ఎట్ల వస్తదో అనుకున్న.

ముప్పై అయిదు.

మళ్లీ చూసిన. మళ్లీ అంతే. ఖుషీ అయితదనుకున్న మనసుకు ఏం తోచలే. ఇన్ని దినాలు ఒకరి మీద పెట్టిన అనుమానాన్ని ఇప్పుడు ఎక్కడ దించాల్నో తెల్వలే.

దీపం పెట్టనీకి పోయినప్పుడు ఫోను పట్టుకపోయిన. డబ్బా పక్కన నిలబడి చూస్తే ఆరువందలు. సామాను సందుల నుంచి మెట్ల దిక్కు నడిచేసరికి రెండువందలు. మెట్ల మీద ఎనభై. మా గడప దాటితే ముప్పై అయిదు. మళ్లీ కిందికి పోయి ఆ రూము మంచిగ చూసిన. డబ్బాకూ మెట్లకూ నడుమ గుండిగలు, బిందెలు, పెద్ద స్టీలు డబ్బాలు కప్పు దాక పేర్చి ఉన్నయి. లగ్గాల సరుకు. మా ఆయనే మోసి పేర్చిండు. గాలిల వచ్చే నెట్‌కు అదంతా ఇనుప గోడ, దాని మీద ఇంటి స్లాబు. సరుకు పెరిగినకొద్దీ నా క్లాసు ఆగింది.

వాళ్లు తిరిగి రాంగనే గొప్ప సంగతి కనుక్కున్నట్టు అంతా చెప్పిన. యారాలు సంచి కూడా కింద పెట్టలే.

"అంటే మేము లేనప్పుడు పరీక్ష పెట్టినవన్నట్టు" అన్నది.

బావనే అందుకొని, "వైరు మీది దాక లాగుదాం తియ్" అన్నడు.

మా ఆయన బజార్ల వైరు కొని, గోడ పొంటి మీదికి తెచ్చి నా కంప్యూటర్‌కు తగిలించిండు. క్లాసు ఆగుడు బందయింది. పిల్లలు ఖుష్. స్పీడు మాత్రం తొంభై నాలుగు దాటలే. ఎప్పుడు చూసినా తొంభై నాలుగే. ఇప్పుడు నడుమ గిన్నెలు లేవు, గోడ లేదు. బావ ఫోన్ల సెట్టింగులు మళ్లీ యాదికొచ్చినయి. సిగ్గనిపించింది, కానీ యాదికైతే వచ్చినయి.

ఒకనాడు యారాలు మిరపకాయలు ఎండబెట్టనీకి మేడ మీదికి పోతూ నా రూము ముందు ఆగింది. నేను తెర దిక్కే చూస్తున్న.

"ఇప్పుడు ఎవరి మీదున్నది అనుమానం?"

"రోజూ తొంభై నాలుగే వస్తున్నది అక్కా."

"రోజూనా? ఒక్కతీరుగనా?" గంప నడుముకు ఆనించుకొని జర ఆలోచించింది. "గల్లాల చెయ్యి పెట్టెటోడు రోజూ ఒక్కతీరుగ తియ్యడు. ఒకనాడు ఎక్కువ తీస్తడు, ఒకనాడు భయపడి ఊకుంటడు. రోజూ ఒక్కతీరుగ తక్కువ అస్తున్నదంటే దొంగ కాదు. తూకం చూసే తరాజే ఖరాబు."

నేను లేచి వైరు పట్టుకున్న. అసొంటి వైరుల ఎనిమిది సన్నపు తీగెలుంటయని, నాలుగే పనిచేస్తే వంద కాడనే ఆగిపోతదని అంతకుముందు ఎక్కడనో చదివిన. మిగిలిన తుండు ఒకటి మూలకు పడి ఉంటే కత్తెరతోని కోసిన. ఇద్దరం వంగి చూసినం. నాలుగే ఉన్నయి.

మా ఆయన వేరే దుకాణం నుంచి మంచి వైరు తెచ్చి మార్చిండు. స్పీడు చూసేటప్పుడు యారాలు కూడా మీదికి వచ్చింది. తొమ్మిదివందల ముప్పై.

"మిగిలిన డెబ్బై ఎవరు తిన్నరు? ఈసారి నన్ను అనకు."

"తరుగు అక్కా. పంపుడులనే అంత పోతదట."

"తరుగైతే సరే" అని కుర్చీ లాక్కొని కూసున్నది. చాయ్ పెట్టిన. సగం తాగినంక మెల్లగ అన్నది, "మా టీవీ ఆగినప్పుడల్లా నీ క్లాసే నెట్ తింటున్నదనుకునేదాన్ని."

"మరి ఆనాడు మంచిగనే అస్తున్నదన్నవు?"

"నువ్వు అడిగిన తీరుకు ఇంకేమనాలె?" అన్నది. కప్పు ఖాళీ చేసి, మిరపకాయలు తిప్పనీకి మేడ మీదికి పోయింది.